ఎవరి ఏనుగు

షువైఖ్‌ల కోల్డ్ స్టోరు గేటు కాడ
బాబికర్ దినాం నాకొక అట్టముక్క ఇస్తడు.
బ్రెజిల్ కోళ్ళ డబ్బా మూత. దాని లోపలి దిక్కు
నీలి పెన్నుతోటి అరవై నాలుగు గడులు.
పెట్టె గీస్తే ఏనుగు, వాలిన గీత ఒంటె, సున్నలు బంట్లు.
ఇచ్చేటప్పుడు మూడు వేళ్ళు చూపిస్తడు:
మూడెత్తులు, ఆటకట్టు.
పందెం ఒక చాయ్.

ఆయనది సూడాను, అత్బరా. రైళ్ళ ఊరట.
నాది మెట్‌పల్లి. రాజలింగం దర్జీ దుకాణంల
గుండీల డబ్బ బోర్లిచ్చి నేర్చిన ఆట.
మా ఇద్దరి నడుమ భాష అంటే
పది అరబ్బీ మాటలు, ఇరవై హిందీ, మిగిలింది వేలు.

ఈసారి లెక్క మూడు దినాలైనా తెగలే.
మొదటి దినం మంత్రిని బలి ఇచ్చిన. "లా" అన్నడు.
రెండో దినం గుర్రంతోటి షా అన్న.
నల్లరాజు ఒక్క గడి జరిగి
బీడీ ముట్టిచ్చుకున్నట్టు నిలబడ్డడు.
"లా."
మూడో దినం నా మొకం జూసి జాలిపడ్డడేమో,
చెయ్యిని ముక్కుకు ఆనిచ్చి తొండం లెక్క ఊపిండు.
ఫీల్. అల్ ఫీల్.
ఏనుగు! గంతే గదా.

ఆ రాత్రి పై బెడ్డు మీద ఏనుగునే తిప్పిన.
నిలువుగ నడిపిన, అడ్డంగ నడిపిన,
కింది బెడ్డు నర్సాగౌడు "ఇగ పండురా నాయినా" అనేదాక
ఫోన్ వెలుగుల దానితోని గోడలన్ని గుద్దిచ్చిన.
ఒక్క గోడ పడలే.

బంట్ల గురించి మాట్లాడేటోళ్ళున్నరు,
క్యాంపుకొచ్చి, ఫొటోలు దిగి, మీరంత బంట్లే గదా అని.
నాకు బంటును చూస్తే దుఃఖం రాదు.
అది ఏ గడిని కాస్తున్నదో చూస్త.

తెల్లారి. బయట నలభై ఏడు, లోపల మైనస్ పద్దెనిమిది.
ఫోర్కుల మీద డబ్బాల వరుస నా తలను దాటి ఉన్నది.
ముందర ఏం కనబడదు. అట్లాంటప్పుడు రూలు ఒక్కటే:
మెడ తిప్పు, ఎనుకకు నడుపు.
బీప్, బీప్ అనుకుంట బండి ఎనుకకు పోతున్నది,
ఎనుకకు.
కాలు బ్రేకు మీద పడ్డది.

ఏడేండ్ల సంది పొద్దంత ఎనుకకే నడిపేటోన్ని,
అట్ట మీద ఒక్కసారన్న ఎనుకకు చూడలే.
కాని నా ఏనుగు మొదటి వరుసలనే ఉన్నది.
దాని ఎనుక గడి లేదు, అట్ట అంచే.
మరి ఎనుకకు పోగలిగిన ఏనుగు ఏది?

ఒంటె.
ఓరి బాబికరూ, నీ ఏనుగు వాలుగ నడుస్తదా!
ఒంటెల దేశంల ఒంటెను ఏనుగంటరా!

ఒంటె ఒక్క గడి ఎనుకకు, మూలకు పోవాలె.
షా లేదు, చంపుడు లేదు, చప్పుడు లేదు.
అది ఖాళీ చేసిన గడిలకు మంత్రి దిగుతడు.
ఇద్దరు ఒక్క వాలు మీద, ముందట మంత్రి, ఎనుక ఒంటె,
ఆ కొసకు నల్లరాజు గుమ్మం.
నల్లోళ్ళకు నడుమ రెండెత్తులున్నయి.
ఏ బంటును జరిపినా, ఏ గుర్రాన్ని ఎగిరిచ్చినా
గుమ్మం మూతపడదు.

సూపర్‌వైజరు అరుస్తున్నడు, బండి ఖరాబైందా అని.
ఖరాబు గాలే సారూ. కుదిరింది.

సాయంత్రం గేటు కాడ ఏం మాట్లాడలే.
ఒంటెను వేలితోటి మూలకు గుంజిన.
బాబికర్ సప్పుడు చెయ్యక థర్మాస్ మూత తీసిండు.
అప్పుడడిగిన, నా పెట్టె ఏనుగును చూపిచ్చి: మరి ఇది?
"ఖల్ఆ" అన్నడు. మన ఖిలానే.
ఏనుగు, అన్న నేను. తొండం ఊపిన.
ఆయన కాదని ఒంటె మీద వేలు పెట్టి తొండం ఊపిండు.
చాయ్ చల్లారేదాక ఇద్దరం తొండాలతోని కొట్లాడినం.

ఆఖరికి మంత్రిని చూపిచ్చిండు. "వజీర్."
వజీర్, అన్న.
దాని మీద పంచాయితీ లేదు.

గేటు తెరువుమని లారీ ఎప్పటిసందో హారన్ కొడుతున్నది.